టమాటా తీసిన మడిలో మళ్లీ టమాటా ఎప్పుడు? ఎకరా కూరగాయల తోటకు పంట మార్పిడి

టమాటా అయిపోగానే అదే మడిలో వంగ నారు పెట్టి, పంట మార్చామనుకునే రైతులు చాలామంది. వంగ తర్వాత మిరప, మిరప తర్వాత మళ్లీ టమాటా. సంతలో వీటి పేర్లూ ధరలూ వేరే కావచ్చు. మట్టిలో కాచుకుని ఉన్న ఎండు తెగులు బాక్టీరియాకు మాత్రం మూడూ ఒకే విందు. మూడేళ్లు ఇలా తిప్పితే, నాలుగో ఏడు కాపు మీదున్న మొక్కలు పచ్చగా ఉండగానే వరుసలకు వరుసలు వాలిపోతాయి. మందు పోసినా నిలబడవు.

పంట మార్పిడి అంటే కుటుంబాన్ని మార్చడం. ఎకరం నీటి వసతి ఉన్న మెట్ట భూమిలో ఆ పని ఎలా చేయాలో కింద వివరిస్తున్నాం. ఏడాదికి రెండు మూడు పంటలు తీసే బోరు కింది తోటలకు, అంటే మదనపల్లె వైపు టమాటా పొలాలకూ హైదరాబాద్ చుట్టుపక్కల కూరగాయల తోటలకూ ఇది సరిపోతుంది.

వేళ్లు చూడకుండా ప్రణాళిక వేయకండి

పంట అయిపోయిన మొక్కలను పీకి పారేసే ముందు, మడి నాలుగు మూలల్లోనూ మధ్యలోనూ కలిపి పది మొక్కలను వేళ్లు తెగకుండా పారతో తవ్వి తీయండి. బకెట్ నీళ్లలో మెల్లగా ఆడించి మట్టి వదిలించండి.

వేళ్ల మీద పూసల దండలా ఉబ్బులు ఉంటే అవి వేరుబుడిపె నులిపురుగులు (చాలామంది నెమటోడ్లు అంటారు). ఈ బుడిపెలు వేరు లోపలి నుంచే ఉబ్బుతాయి కాబట్టి గోటితో గీకినా ఊడిరావు. చిక్కుడు, అలసంద వేళ్ల మీద ఉండే రైజోబియం (మేలు చేసే బాక్టీరియా) బొడిపెలు వేరు. అవి వేరుకు పక్కన అంటుకున్నట్టు ఉంటాయి, వేలితో నలిపితే ఊడతాయి, కోసి చూస్తే లోపల గులాబీ రంగు. ఆ రంగు ఉందంటే నత్రజనిని పట్టే పని సాగుతోందన్నమాట. ఈ రెంటినీ పోల్చుకోలేక మేలు చేసే బొడిపెలను చూసి గుళికల మందు వేసేవాళ్లున్నారు, జాగ్రత్త.

ఇక వడలిన మొక్క కాండాన్ని నేలకు జానెడు ఎత్తులో ఏటవాలుగా కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, కోసిన కొన నీటికి తగిలేలా వేలాడదీయండి. కొన్ని నిమిషాల్లో పాలదారం లాంటి తెల్లటి జిగురు కిందికి జారితే అది రాల్‌స్టోనియా అనే బాక్టీరియా వల్ల వచ్చిన ఎండు తెగులు. ఏమీ జారకుండా, చీల్చిన కాండం లోపల గోధుమ రంగు చారలుండి, కింది ఆకులు ముందే పసుపెక్కి ఉంటే ఫ్యుజేరియం అనే బూజు తెగులు కావచ్చు. ఒక్కో మడిలో ఏది కనిపించిందో అప్పుడే రాసి పెట్టుకోండి. తర్వాత వేయాల్సిన పంట దీన్ని బట్టే తేలుతుంది.

నులిపురుగూ బాక్టీరియా కలిసి ఉన్న మడి అన్నిటికంటే కష్టం. పురుగు వేరుకు చేసిన గాయాల్లోంచి బాక్టీరియా తేలిగ్గా లోపలికి పోతుంది.

ఏది ఏ ఇంటి పంట

టమాటా, వంగ, మిరప, క్యాప్సికం, బంగాళాదుంప, పొగాకు ఒక ఇంటివి. గట్ల మీద మొలిచే కామంచి, ఉమ్మెత్త కూడా ఆ ఇంటివే. టమాటా లేని మూడేళ్లూ కామంచిని గట్టు మీద వదిలేస్తే బాక్టీరియా ఆకలితో చావదు, మీ మార్పిడి సగం వృథా. పోయిన పంట పండ్లు రాలి తమంతట తాము మొలిచిన టమాటా మొక్కలూ అంతే, కనిపించినప్పుడల్లా పీకేయాలి.

బీర, కాకర, సొర, పొట్ల, దోస, దొండ, గుమ్మడి, పుచ్చ, కర్బూజా ఒక ఇల్లు. క్యాబేజీ, క్యాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలు ఇంకొకటి. బెండ, గోంగూర, పత్తి బంధువులు, కాబట్టి పత్తి తీసిన చేలో బెండ వేయడం మార్పిడి కిందికి రాదు. ఉల్లి, వెల్లుల్లి ఒకటి. మొక్కజొన్న, జొన్న, సజ్జ, రాగి, వరి గడ్డి జాతి. పాలకూర, తోటకూర, బీట్‌రూట్ దగ్గరివి. కొత్తిమీర, క్యారెట్ చుట్టాలు. మెంతిని ఆకుకూరగా చూస్తాం గానీ అది చిక్కుడు, అలసంద, గోరుచిక్కుడు, పెసర, శనగల ఇంటిదే.

ఎకరాన్ని నాలుగు చేయండి

ఎకరం నాలుగు మడులు, ఒక్కోటి 25 సెంట్లు. తెలంగాణ లెక్కలో 10 గుంటలు. మధ్యలో మనిషి నడిచే గట్టు చాలు. ఒక్క విషయంలో మాత్రం తొందరపడకండి: నీరు ఎటు నుంచి ఎటు పారుతుందో చూసి మడులకు అంకెలు వేయండి. కాలువల ద్వారా పారించే తోటలో పై మడి బాక్టీరియా నీటితో పాటు కింది మడికి చేరుతుంది. ఎండు తెగులు కనిపించిన మడికి చివర నీరు పెట్టండి, ఆ మడి మురుగు నీరు పక్క మడిలోకి పోకుండా వేరే కాలువ తీయండి. డ్రిప్ ఉంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, ఒక్కో మడికి విడి వాల్వు పెట్టుకోవాలి.

ఒక మడి నాలుగేళ్లలో ఎలా తిరుగుతుందో చూద్దాం. మిగతా మూడు మడులూ ఇదే వరుసలో ఒక్కో ఏడు వెనకగా నడుస్తాయి. అందువల్ల ఏటా ఏదో ఒక మడిలో టమాటా ఉంటుంది, చేతికి డబ్బు వచ్చే పంట ఏ ఏడూ ఆగదు.

మొదటి ఏడు: జూన్ తొలి వానలకు జనుము చల్లి, 45 రోజులకు కలియదున్ని, ఆగస్టులో టమాటా నారు. బోదెల మధ్య 4 అడుగులు, మొక్కల మధ్య అడుగున్నర ఉంచితే 25 సెంట్లకు సుమారు 1,800 మొక్కలు పడతాయి. టమాటా బదులు వంగ గానీ మిరప గానీ పెట్టొచ్చు, లేదా మడిని పంచుకోవచ్చు. ఒకే ఇంటివి కాబట్టి అవి ఒకే మడిలో ఉండటమే మంచిది. జనవరి చివర్లో పంట తీసేశాక నువ్వులు వేస్తే తక్కువ నీటితో వస్తాయి, నులిపురుగుకు అంతగా తిండి పెట్టవు.

రెండో ఏడు: ఖరీఫ్‌లో తీపి మొక్కజొన్న లేదా జొన్న. ఎండు తెగులు బాక్టీరియాకు ఇవి తిండి కావు, లోతైన పీచు వేళ్లు మట్టిని గుల్ల చేస్తాయి. 25 సెంట్లకు కిలో మొక్కజొన్న విత్తనం చాలు. కండెలు విరిచాక చొప్పను పశువులకు కొంత ఉంచుకుని మిగతాది ముక్కలు చేసి కలిపేయండి. అక్టోబర్–నవంబర్‌లో ఉల్లి నారు నాటండి. ఉల్లి వేళ్లు పైపైనే ఉంటాయి, మొక్కజొన్న లోతు నుంచి తింటుంది. ఉల్లి తీశాక ఏప్రిల్, మే నెలల్లో మడిని ఎండకు వదలండి.

మూడో ఏడు: సగం మడిలో బీర లేదా కాకర, సగంలో బెండ. ఇవి రెండూ నులిపురుగుకు ఇష్టమైనవే, అందుకే టమాటాకు ముందు ఏడాదిలో పెట్టలేదు. రబీలో క్యాబేజీ, ముల్లంగి. మళ్లీ వేసవి దుక్కి.

నాలుగో ఏడు: ఖరీఫ్‌లో గోరుచిక్కుడు లేదా అలసంద, వెంటనే అక్టోబర్ మొదట్లో బంతి నారు నాటితే సంక్రాంతికి పూలు. ఫిబ్రవరి నుంచి మే దాకా వేసవి దుక్కి. జూన్‌లో మళ్లీ జనుము, ఆగస్టులో టమాటా.

మాగాణి ఉన్నవాళ్లకు ఇంకా తేలిక దారి ఉంది. మొక్కజొన్న స్థానంలో వరి వేయండి. మూడు నాలుగు నెలలు నీళ్లు నిలిచిన నేలలో గాలి అందక నులిపురుగులు బాగా తగ్గిపోతాయి. అయితే బురద దమ్ము చేసిన నేల గట్టిపడుతుంది, కూరగాయలకు ముందు రెండు దుక్కులు ఎక్కువ పడతాయి.

జనుము, బంతి: ఎక్కడ తప్పుతుంది

జనుము ఎకరాకు 12–15 కిలోలు, అంటే ఒక్క మడికి మూడు నుంచి నాలుగు కిలోలు. ఒత్తుగా పడితేనే కాండం సన్నగా, మెత్తగా ఉంటుంది. పూత మొదలవుతున్నప్పుడే కలియదున్నాలి. ఇంకా పెరిగితే పచ్చిరొట్ట ఎక్కువ వస్తుందని 60, 70 రోజులు ఉంచితే కాండం నారెక్కుతుంది. అది కుళ్లడానికి మట్టిలోని నత్రజనిని సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి. నాటిన టమాటా మూడు వారాలు పాలిపోయి నిలబడిపోతుంది. దున్నాక నేలలో తేమ ఉండాలి, కనీసం రెండు వారాలు ఆగి నారు పెట్టాలి. పచ్చిగా కుళ్లుతున్న మట్టిలో పెట్టిన లేత నారు మొదలు కుళ్లి పడిపోతుంది. చౌడు ఛాయలున్న నేలకు జీలుగ మేలు (ఎకరాకు 10–12 కిలోలు). నీరు తక్కువైతే పిల్లిపెసర, 6–8 కిలోలు.

నవధాన్యాల మిశ్రమం చల్లే అలవాటున్నవాళ్లు అందులో వంగ, టమాటా, మిరప గింజలు లేకుండా చూసుకోండి. మూడేళ్లు దూరం పెట్టిన ఇంటిని మన చేతులతోనే పిలిచినట్టవుతుంది.

బంతి గురించి ఒక అపోహను గట్టిగా తీసేయాలి. గట్టు చుట్టూ ఒక వరుస బంతి పెడితే మడిలో నులిపురుగు చావదు. బంతి వేళ్లు తాము ఉన్న చోటి మట్టిలోనే పనిచేస్తాయి. అందుకే మడి అంతా బంతే ఉండాలి. వరుసల మధ్య అడుగున్నర, మొక్కల మధ్య అడుగు చొప్పున 25 సెంట్లకు సుమారు 7,000 మొక్కలు, కనీసం రెండున్నర మూడు నెలలు నేలలో ఉండాలి. మధ్యలో కలుపు మొలిస్తే ఆ కలుపు వేళ్లలోనే పురుగు బతికేస్తుంది, కాబట్టి కలుపు తీయని బంతి తోట నులిపురుగు విషయంలో లేనట్టే లెక్క. పూలు కోశాక మొక్కల్ని అక్కడే కలియదున్నండి.

టమాటాలో 16 వరుసలకు ఒక వరుస బంతి పెట్టమని చెప్పేది వేరే పనికి: కాయతొలుచు పురుగు తల్లి బంతి పూల మీద గుడ్లు పెట్టేలా ఎర వేయడానికి. దానికి టమాటా నారు 25 రోజులది, బంతి నారు 40 రోజులది ఉండాలి. అప్పుడే రెండూ ఒకేసారి పూతకొస్తాయి.

ఒక పంట నుంచి ఇంకో పంటకు వెళ్లేటప్పుడు

చాలామంది తొందరపడేది ఇక్కడే. చివరి కోత అయిన రోజు నుంచి కొత్త విత్తనం పడే రోజు దాకా ఉన్న మూడు నాలుగు వారాల్లోనే మార్పిడి బలం తేలుతుంది.

తెగులు సోకిన టమాటా, వంగ మొక్కల్ని వేళ్లతో సహా పీకి పొలం బయటికి తీసుకెళ్లి కాల్చేయండి. కంపోస్టు గుంతలో వేయకండి, మన గుంతల్లో వేడి అన్ని చోట్లా సమానంగా ఎక్కదు, ఎరువుతో పాటు రోగం మళ్లీ మడికే వస్తుంది. చిక్కుడు జాతికి దీనికి వ్యతిరేకం: మొక్కను నేల మట్టానికి కోసి వేళ్లు లోపలే ఉంచండి. బొడిపెల్లోని నత్రజని అక్కడే కుళ్లి తర్వాతి పంటకు అందుతుంది.

వేసవిలో తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాల లోతున దున్ని, పది పదిహేను రోజుల తేడాతో రెండు మూడుసార్లు తిరగేయండి. ఒకసారి దున్నితే పైకి వచ్చిన పొరే ఎండుతుంది, అడుగుది అలాగే ఉంటుంది. బీర, కాకర తీసిన చోట పండు ఈగ కోశాలు కూడా ఇలాగే బయటపడి పక్షుల పాలవుతాయి. రోగమున్న మడిలో దున్నిన గొర్రు, రోటవేటర్ పళ్లు, పారలు, చెప్పులు కడగకుండా ఇంకో మడిలోకి పోనివ్వకండి. అద్దె ట్రాక్టరైతే మన చేలోకి దిగే ముందే కడిగించాలి.

ఎరువు వంతు కూడా తిప్పాలి. చివికిన పశువుల ఎరువు మడికి రెండు నుంచి రెండున్నర టన్నులు టమాటాకూ బీర–బెండకూ ఇవ్వండి. ముల్లంగి, క్యారెట్లకు ముందు తాజా ఎరువు వేస్తే దుంప చీలి కాళ్లు తీస్తుంది. చిక్కుడు, అలసందలకు యూరియా వేయకండి, నత్రజని ఉచితంగా దొరికితే వేరు బొడిపెలు కట్టడం మానేస్తుంది. ఆ డబ్బుతో ఎకరా విత్తనానికి 200 గ్రాముల రైజోబియం చల్లారిన బెల్లం నీళ్లతో పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తండి.

టమాటా మడికి నాటే ముందు ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజును వృద్ధి చేసి వేయడం మంచిది. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి, తేమ చల్లి, గోనెలు కప్పి నీడలో వారం పది రోజులు ఉంచితే తెల్లటి బూజు పడుతుంది. అప్పుడు తడి నేలలో చల్లాలి. ఇది బూజు తెగుళ్ల మీదే పనిచేస్తుంది, బాక్టీరియా ఎండు తెగులుకు దీన్ని నమ్ముకోకండి.

మార్పిడిని పాడుచేసే మరికొన్ని

మొక్కజొన్నలో అట్రజిన్ అనే కలుపు మందు చల్లితే దాని అవశేషం నేలలో నెలల తరబడి ఉండొచ్చు. తర్వాత వేసిన ఉల్లి, దోస, చిక్కుడు ఆకుల అంచులు పసుపెక్కి మాడిపోతాయి. ఈ వరుసలో నడిచే మడిలో అట్రజిన్ వద్దు, 25 సెంట్ల కలుపు గుంటకతో, కూలీలతో పోతుంది.

నులిపురుగు ఉన్న మడిలో అలసంద వేయడం ఇంకో తప్పు. పప్పుజాతి నేలకు మంచిదన్నది నిజమే, కానీ చాలా అలసంద రకాల వేళ్లలో ఈ పురుగు బాగా పెరుగుతుంది. అలాంటి మడిలో నాలుగో ఏడు ఖరీఫ్‌కు జనుము లేదా నువ్వులు వేసి, బంతికి వెళ్లిపోండి. మొక్కజొన్నను కూడా ఇక్కడ పూర్తిగా నమ్మొద్దు. పెద్ద బుడిపెలు కనిపించకుండానే కొన్ని రకాల్లో పురుగు బతుకుతుంది.

రాతి స్తంభాల శాశ్వత పందిరి వేసుకున్నవాళ్ల కష్టం ప్రత్యేకమైనది. పందిరి కదలదు కాబట్టి బీర తర్వాత కాకర, కాకర తర్వాత సొర అవుతుంది. దొండ పెడితే మూడు నాలుగేళ్లు అక్కడే. ఖర్చు పెట్టిన తీగలు ఖాళీగా ఉండకూడదన్న బాధ అర్థమవుతుంది. పందిరి కిందే మార్పిడి చేయొచ్చు: ఒక ఏడు తీగజాతి, మరుసటి ఏడు పందిరి తీగలకు తాళ్లు కట్టి నిలువు పెరిగే టమాటా, ఆపై తీగ చిక్కుడు, ఆ తర్వాత ఒక ఖరీఫ్ జనుము–మొక్కజొన్న. పందిరికి పని ఉంటుంది, కుటుంబమూ మారుతుంది.

నారు బయట నుంచి కొంటే రోగం ట్రేలోనే రావచ్చు. సొంతంగా పోసుకునేవాళ్లు మే నెలలో నారుమడిని తడిపి, 25 మైక్రాన్ల తెల్లటి పారదర్శక పాలిథిన్ కప్పి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. నల్ల షీటు వేడిని తనలోనే ఉంచుకుంటుంది, మట్టి అంతగా కాగదు.

పండ్ల తోటలకు

పుచ్చ, కర్బూజాలకు ఫ్యుజేరియం సోకితే మూడేళ్లు సరిపోవు. ఐదారేళ్లు ఆ మడిలో వాటిని వేయకండి. బొప్పాయి వేళ్లూ నులిపురుగుకు లోబడతాయి, కాబట్టి బుడిపెలు కనిపించిన టమాటా, వంగ, బెండ మడిలో బొప్పాయి పెట్టకండి, తీసేసిన బొప్పాయి తోటలో మళ్లీ బొప్పాయి వద్దు.

అరటిలో మొక్కతోట తర్వాత ఒకటి, మహా అయితే రెండు కార్శి తోటలు (నరికిన చెట్టు పిలకల నుంచి వచ్చే పంటలు) తీసుకుని ఆపాలి. ఆ తర్వాత ఒకటి రెండు పంటలు వరి వేసి, కొత్త చోట నుంచి తెచ్చిన శుభ్రమైన పిలకలు గానీ టిష్యూకల్చర్ మొక్కలు గానీ నాటండి. అరటికి ఫ్యుజేరియం వల్ల వచ్చే పనామా తెగులు బీజాలు నేలలో దశాబ్దాలు ఉంటాయి. అమృతపాణి దీనికి తేలిగ్గా లొంగుతుంది. తెగులు కనిపించిన చేలో ఎంత మార్పిడి చేసినా అమృతపాణి వద్దు.

మామిడి, జామ లేత తోటల్లో చెట్ల మధ్య వేసే కూరగాయలకూ ఇదే వరుస. జామ నాటబోయే చేలో, నాటిన రెండు మూడేళ్లలో బెండ, వంగ, టమాటా వద్దనండి. నులిపురుగు ఒకసారి జామ వేళ్లలో స్థిరపడితే పదేళ్ల చెట్టును కదిలించలేం.

మిద్దెతోట కుండీల్లో కూడా టమాటా తీసిన మట్టిని పట్టా మీద పలచగా పరిచి వేసవి ఎండకు రెండు వారాలు ఆరబెట్టి, మెంతి లేదా చిక్కుడు వేసి, తర్వాతే వంగకు వాడండి.

మార్పిడికి అందనివి

తెల్లదోమ, తామర పురుగు, పేనుబంక గట్టు దాటి వస్తాయి. టమాటా ఆకుముడత, బెండ పల్లాకు తెగుళ్లు తెల్లదోమతో వచ్చే వైరస్‌లు. పక్క చేలో ముదురు తోట ఉంటే మీ నాలుగేళ్ల మార్పిడి వాటిని ఆపదు. వీటికి మడి చుట్టూ రెండు మూడు వరుసల జొన్న లేదా సజ్జను కంచెగా, పంట పెట్టడానికి పదిహేను ఇరవై రోజుల ముందే వేయాలి, పసుపు రంగు జిగురు అట్టలు పెట్టాలి, తట్టుకునే రకం ఎంచుకోవాలి. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ టమాటా ఆకుముడత వైరస్‌నూ బాక్టీరియా ఎండు తెగులునూ తొలిదశ ఆకుమాడునూ తట్టుకునేలా చేసినది.

ప్రతి మడికీ నోటు పుస్తకంలో ఒక పేజీ పెట్టండి. విత్తిన తేదీ, పంట, రకం, వేసిన ఎరువు, వేళ్ల మీద కనిపించింది, వాలిన మొక్కల సంఖ్య. నాలుగేళ్ల నాటి మడి చరిత్ర ఎవరికీ నోటికి గుర్తుండదు.

ఐదో ఏడు టమాటా మళ్లీ రావాల్సిన మడిలో ఏప్రిల్‌లోనే ఒక పరీక్ష చేయండి. పది చోట్ల ఆరు అంగుళాల లోతు నుంచి మట్టి తీసి కలిపి, రెండు కుండీల్లో నింపి, దోస గింజలు నాలుగేసి పెట్టి నీడపట్టున రోజూ తడపండి. ఎండలో పెడితే కుండీ కాగి పురుగు కూడా చచ్చి తప్పుడు ఫలితం వస్తుంది. 35–40 రోజులకు పీకి వేళ్లు కడిగి చూడండి. వేళ్లు శుభ్రంగా ఉంటే జూన్‌లో జనుము చల్లి ఆగస్టుకు నారు సిద్ధం చేసుకోండి. బుడిపెలు ఉంటే ఆ ఏడు ఆ మడికి మళ్లీ బంతి వేసి, టమాటాను శుభ్రంగా తేలిన ఇంకో మడికి మార్చండి.